బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: కిలోమీటర్లది ఒక లెక్క, గంటలది ఇంకో లెక్క

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే దాదాపు 14,000 కిలోమీటర్లని వస్తుంది. ఏ సైట్ చూసినా పదో ఇరవయ్యో కిలోమీటర్ల తేడాతో అదే అంకె. టికెట్ల పేజీ తెరిస్తే మాత్రం ఆ నిలకడ కనిపించదు. నేరుగా వెళ్లే సర్వీసు ఉన్న రోజుల్లో పోయేటప్పుడు పదహారు గంటలు, వచ్చేటప్పుడు పదిహేడు, పదిహేడున్నర. మధ్యలో ఒకచోట ఆగే టికెట్లలో ఒకటి 22 గంటలు, ఇంకొకటి 26, మరొకటి 33. ఊళ్లు రెండూ మారలేదు. దూరం మారలేదు. గంటలు మాత్రం రెట్టింపు దాకా పోతున్నాయి.

వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో ఉద్యోగం చేసుకునే కొడుకు, అనంతపురంలో ఉన్న అమ్మానాన్నలను కాలిఫోర్నియాలోని అక్క దగ్గరికి పంపడానికి టికెట్ తీసేటప్పుడు తేల్చుకోవాల్సిన విషయం ఇదే. అరవై దాటిన ఇద్దరు, మోకాళ్ల నొప్పులు, మొదటి విమాన ప్రయాణం, ఇంగ్లిష్ అంతంత మాత్రం. వాళ్లకు 22 గంటలకూ 33 గంటలకూ ఉన్న తేడా పెద్దదే. కాబట్టి ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కాస్త లోతుగా చూడాలి.

దూరం వేరు, సమయం వేరు అన్న సంగతి బెంగళూరులో ఉండేవాళ్లకు కొత్త కాదు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్‌కు యాభై పైచిలుకు కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. హిందూపురం నుంచి అదే ఎయిర్‌పోర్ట్‌కు డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఉన్నా చాలాసార్లు అంతకన్నా ముందే చేరిపోతారు. ఎయిర్‌పోర్ట్ నగరానికి ఉత్తరాన, హైదరాబాద్ హైవే మీద ఉండటంతో అనంతపురం నుంచి వచ్చే కారు బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా వచ్చి బెంగళూరులోకి దిగకుండానే టెర్మినల్‌కు తిరుగుతుంది. 2008 మేలో పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి విమానాలు ఇక్కడికి మారాక, రాయలసీమ వాళ్లకు అమెరికా ఆ మేరకు దగ్గరైందనే చెప్పాలి. నేల మీద జరిగే ఈ తమాషా లాంటిదే ఆకాశంలోనూ జరుగుతుంది. అక్కడ ట్రాఫిక్ బదులు గాలి ఉంటుంది, కొండలు ఉంటాయి, దేశాల సరిహద్దులు ఉంటాయి.

చీనీకాయ మీద దారం

ముందు ఆ 14,000 ఎలా వచ్చిందో చూద్దాం. గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి తూర్పుగా గీత గీస్తే అది మయన్మార్, వియత్నాం మీదుగా వెళ్లి పసిఫిక్ మహాసముద్రాన్ని అడ్డంగా దాటుతుంది. మామూలు మెర్కేటర్ పటం (గుండ్రటి భూమిని చదునుగా పరిచి గీసే పటం) మీద గీసిన ఆ గీత వెంట నిజంగా ప్రయాణిస్తే దాదాపు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అంటే సైట్లు చెప్పే దూరం కన్నా రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. పటం చదునుగా ఉండటం, భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన తేడా అది.

ఇంట్లో గ్లోబు లేకపోతే ఒక చీనీకాయ (బత్తాయి) చాలు. తొడిమ ఉన్న చోటును ఉత్తర ధ్రువం అనుకోండి. కాయ నడుము భూమధ్యరేఖ. నడుముకు కాస్త పైన ఒక చుక్క పెడితే అది బెంగళూరు, 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం. కాయను తిప్పి, దాదాపు అవతలి వైపు, ఇంకాస్త పైన మరో చుక్క పెడితే శాన్‌ఫ్రాన్సిస్కో, 37 డిగ్రీలు దాటిన చోట. ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారం బిగించి లాగితే, అది నడుము చుట్టూ పోకుండా జారి తొడిమ దగ్గరికి వెళ్లిపోతుంది. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారి అదే. గణితంలో దీన్ని మహావృత్తం అంటారు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలతో లెక్క వేస్తే 13,990 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. సైట్ల మధ్య కనిపించే చిన్న తేడాలు భూమిని పూర్తి గోళంగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయినట్టుగా తీసుకున్నారా అన్నదాన్ని బట్టి వస్తాయి. వాటి గురించి బెంగ పడక్కర్లేదు.

ఆ దారం ఏ ఊళ్ల మీదుగా పోతుందో లెక్క వేసి చూస్తే మాత్రం తెలుగువాళ్లకు ముచ్చట వేస్తుంది. దేవనహళ్లిలో మొదలై ఉత్తరానికి, కొద్దిగా తూర్పుకు వంగి, కదిరి పక్కగా వెళ్తుంది. శ్రీశైలానికి పది కిలోమీటర్లంత పడమరగా నల్లమలను దాటుతుంది. వరంగల్‌ను దాదాపు ఒరుసుకుంటూ పైకి పోతుంది. ప్రయాగకూ కాశీకీ నడుమ గంగను దాటి, నేపాల్‌లో 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరం పరిసరాల్లోకి వస్తుంది. ఆ తర్వాత టిబెట్, చైనా పడమటి ఎడారులు, మంగోలియా, సైబీరియా. సుమారు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగి కాలిఫోర్నియా చేరుతుంది. అమెరికా పోవడానికి తూర్పుకో పడమరకో తిరగాలని అనుకుంటాం. బెంగళూరు నుంచి అయితే అసలు దిక్కు ఉత్తరం.

కానీ ఆ గీత వెంట ఉన్నదున్నట్టుగా ఏ ప్రయాణికుల విమానమూ పోదు. మొదటి అడ్డు అన్నపూర్ణ దగ్గరే మొదలవుతుంది. విమానం పదీ పదకొండు వేల మీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి శిఖరాన్ని గుద్దుకుంటుందన్న భయం లేదు. సమస్య వేరు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే 3,000 మీటర్ల దాకా దించాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి తీసుకోవచ్చు. తల మీద నుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట అటూ ఇటూ మాత్రమే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. 3,000కు దిగుదామంటే కింద నేల అంతకన్నా ఎత్తులో ఉంది. పీఠభూమి వందల కిలోమీటర్లు పరుచుకుని ఉంది కాబట్టి పావుగంటలో దాన్ని దాటి పోవడం కూడా కుదరదు. అదనపు ఆక్సిజన్, ముందుగానే నిర్ణయించిన తప్పించుకునే దారులు ఉన్న విమానాలకే అక్కడ ఎగరడం వీలవుతుంది. అందుకే మన దేశం నుంచి అమెరికా పోయే విమానాలు హిమాలయాలకు తూర్పు నుంచో పడమర నుంచో చుట్టు తిరుగుతాయి. తెర మీద చూపించే 14,000 అక్కడే పెరగడం మొదలవుతుంది.

రెండో అడ్డు సరిహద్దులు. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేసింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్లీ మూసింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమాన సంస్థలకు రష్యా ఆకాశం అందకుండా పోయింది. భారతీయ విమానాలకు ఆ నిషేధం లేదు. దాంతో ఒకే రెండు ఊళ్ల మధ్య, ఒకే రోజున, విమానం ఏ దేశానిదన్న దాన్ని బట్టి దారి పొడవు మారే పరిస్థితి వచ్చింది. ఢిల్లీతో పోలిస్తే బెంగళూరుకు పాకిస్తాన్ మూసివేత దెబ్బ తక్కువ. ఇక్కడి నుంచి పడమరకు పోయే విమానాలు ఎలాగూ అరేబియా సముద్రం మీదుగా పోగలవు.

చుట్టు తిరిగినా ముందే చేరిన విమానం

ఇక గాలి. మొత్తం లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, టికెట్ పేజీలో ఎక్కడా కనిపించనిదీ ఇదే.

2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతకుముందు యూరప్, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. ఆ నెలలో పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ, అంటే అనంతపురం నుంచి బెంగళూరుకు ఏడుసార్లు పోయినంత. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు ముందు. అట్లాంటిక్ దారిలో ఎదురుగాలిని తోసుకుంటూ పోవాలి. పసిఫిక్ దారిలో వెనుక నుంచి గాలి తోసింది.

ఆ గాలినే జెట్ స్ట్రీమ్ అంటారు. ఉష్ణమండలపు వేడి గాలికీ ధ్రువాల చలి గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల, భూమి తిరగడం వల్ల, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఇది నదిలా పారుతుంది. సరిగ్గా విమానాలు తిరిగే ఎత్తు అది. వేగం గంటకు 150, 200 కిలోమీటర్లు మామూలు. చలికాలంలో జపాన్ పరిసరాల్లో 300 దాటిన సందర్భాలూ ఉంటాయి. దీన్ని మొదట పద్ధతిగా కొలిచింది జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఒయిషి. 1920లలో తటెనో అనే చోటి నుంచి బెలూన్లు వదిలి, అవి ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో లెక్క పెట్టాడు. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంతో భాషలో అచ్చు వేశాడు. ఆ భాష తెలిసినవాళ్లు అరుదు కావడంతో బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానాలు ఆ గాలిలో చిక్కుకున్నాక గానీ దాని బలం అందరికీ తెలిసిరాలేదు. మంచి పని చేసిన మనిషికి దక్కాల్సిన పేరు ఆలస్యంగా దక్కింది.

ఈ గాలి గంటల మీద ఎంత ప్రభావం చూపుతుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. బోయింగ్ 777 లాంటి విమానం ధ్వని వేగంలో 84 శాతం దగ్గర నడుస్తుంది. బయట మైనస్ 50 డిగ్రీలకు పైగా ఉన్న చలిలో ధ్వని వేగమే తగ్గుతుంది కాబట్టి అది గంటకు సుమారు 900 కిలోమీటర్లు అవుతుంది. చుట్టు తిరుగుళ్లు కలిపి అసలు ఎగిరే దూరం 14,500 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకపోతే 16 గంటల 7 నిమిషాలు. దారి పొడుగునా సగటున 50 కిలోమీటర్ల వెనుకగాలి ఉంటే నేలతో పోలిస్తే విమానం వేగం 950 అవుతుంది, సమయం 15 గంటల 16 నిమిషాలు. అంతే ఎదురుగాలి ఉంటే వేగం 850, సమయం 17 గంటల 4 నిమిషాలు. రెండింటికీ మధ్య గంటా నలభై ఎనిమిది నిమిషాలు. పోయేటప్పుడు పదహారు, వచ్చేటప్పుడు పదిహేడున్నర అని టికెట్ మీద కనిపించే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే దొరికింది. ఇందులో ఇంకో చిన్న సంగతి ఉంది. వెనుకగాలి మిగిల్చింది 51 నిమిషాలు, ఎదురుగాలి తిన్నది 57. పోయేటప్పుడు వచ్చిన లాభం, వచ్చేటప్పుడు జరిగే నష్టానికి ఎప్పుడూ సరిపోదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి.

అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు వచ్చే విమానం పసిఫిక్ మీదుగా ఆ గాలికి ఎదురు రావాలని చూడదు. ఇంకా ఉత్తరానికి, గాలి నెమ్మదించే ధ్రువం దగ్గరికి జరుగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ దారిలో నేరుగా నడిపిన తొలి విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ నడిపారు. విమానం బోయింగ్ 777–200ఎల్ఆర్. రెండు ఊళ్ల మధ్య దూరం 13,993 కిలోమీటర్లని అప్పుడు సంస్థ ప్రకటించింది. ప్రయాణానికి దాదాపు పదిహేడు గంటలు పట్టింది.

ఇంత దూరం ఆగకుండా ఎగరడం బెంగళూరుకు ఇంకో రకంగానూ కష్టం. దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ సముద్ర మట్టానికి 915 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి సముద్ర తీరంలో కన్నా దాదాపు ఎనిమిది శాతం పలచన. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకా పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు పట్టు తక్కువ, ఇంజిన్‌కు బలం తక్కువ. 777–200ఎల్ఆర్ ట్యాంకుల్లో 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. అంత నింపుకున్న విమానాన్ని ఈ ఎత్తులో నేల మీద నుంచి లేపాలంటే పొడవైన రన్‌వే కావాలి. ఇక్కడ రెండు రన్‌వేలూ చెరో 4,000 మీటర్లు ఉన్నాయి. అయినా వేడి మరీ ఎక్కువ ఉన్న రోజున సీట్లో సరుకులో కొంత వదులుకోవాల్సి రావచ్చు. చెన్నై ఎయిర్‌పోర్ట్ సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉండటంతో ఈ చిక్కు అక్కడ లేదు. పైగా మోసే ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనం కావాలి. పదహారు గంటల తర్వాత వాడబోయే కిరోసిన్‌ను మొదటి గంట నుంచీ మోస్తూనే ఉండాలి. ఇలాంటి దారులు ఒక ఏడాది నడిచి ఇంకో ఏడాది ఆగిపోవడానికి ఇంధన ధర ఒక పెద్ద కారణం. అందుకే చాలామందికి చివరికి మిగిలేది ఒకచోట ఆగే టికెట్టే.

ఎక్కడ ఆగాలి

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక ఆగుడుతో పోయే దారుల్ని మహావృత్తం లెక్కతో కొలిస్తే, టోక్యో మీదుగా సుమారు 14,900 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా 15,700, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 16,550, సింగపూర్ మీదుగా 16,750. అంకెలు మాత్రమే చూస్తే సింగపూర్ అన్నిటికన్నా వెనక. అది దక్షిణానికి పోయి మళ్లీ ఉత్తరానికి రావడం కాబట్టి చుట్టు దారే.

కానీ ఆ రెండో విడతను దగ్గరగా చూడండి. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,000 కిలోమీటర్లు, సింగపూర్ నుంచి 13,600. ఆరు వందల కిలోమీటర్లు ఎక్కువైనా, పసిఫిక్ వెనుకగాలి తోడవడంతో సింగపూర్ విమానం తరచూ తక్కువ సమయంలోనే దిగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ లాభం ఉండదు. అంటే పోవడానికి తూర్పు దారి, రావడానికి పడమటి దారి వేరువేరుగా బేరీజు వేసుకోవడంలో అర్థం ఉంది.

పెద్దవాళ్లను పంపేటప్పుడు ఇంకో చూపు కూడా కావాలి. దుబాయ్ దారిలో మొదటి విడత నాలుగు గంటలు, రెండోది దాదాపు పదహారు. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో పదీ పదకొండున్నర. మొత్తం గంటలు దగ్గరదగ్గరగానే ఉన్నా, నడుము మీద పడే భారం ఒకటి కాదు. ఒకేసారి పదహారు గంటలు కూర్చోవడం కన్నా మధ్యలో లేచి, టెర్మినల్‌లో నాలుగు అడుగులు వేసి, ముఖం కడుక్కుని మళ్లీ ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మేలు. అయితే ఆ విరామం మరీ తక్కువైతే టెన్షన్, మరీ ఎక్కువైతే నరకం. గంటంపావులో గేటు మారి, సెక్యూరిటీ దాటి, పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో రైలెక్కి ఇంకో టెర్మినల్‌కు పోవాలంటే కుర్రవాళ్లే పరుగెత్తాలి. రెండున్నర నుంచి నాలుగు గంటల విరామం ఉన్న టికెట్, ఐదారు వేలు ఎక్కువైనా సరే, అదే తీసుకోవాలి. 33 గంటలని కనిపించే చవక టికెట్‌లో సాధారణంగా పదీ పన్నెండు గంటలు ఏదో ఒక ఎయిర్‌పోర్ట్ కుర్చీలోనే గడుస్తాయి. ఆ గంటలు విమానం ఎగిరినవి కావు, అమ్మానాన్నలు కాళ్లు వాచేలా కూర్చున్నవి.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండటం ఇంకా ముఖ్యం. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా సాధారణంగా రెండో సంస్థకు బాధ్యత ఉండదు. ఇంకోటి: ఆగే ఊరు అమెరికాలోనే ఉంటే, న్యూయార్క్ లాంటి చోట, ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. పెట్టెలు అక్కడ తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఆవకాయ జాడీ ఉన్న పెట్టెను ఇద్దరు పెద్దవాళ్లు బెల్టు మీద నుంచి లాగి, భాష రాని చోట మళ్లీ కౌంటర్ వెతుక్కోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అబుదాబిలో మాత్రం అమెరికా అధికారులే కూర్చుని విమానం ఎక్కకముందే ఆ తతంగం ముగిస్తారు. ఆ దారిన పోయేవాళ్లు అక్కడ సమయం ఎక్కువ ఉంచుకోవాలి, దిగాక మాత్రం దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచి రావచ్చు.

టికెట్ మీద రాసే సమయం గేటు నుంచి గేటు దాకా. ఇంజిన్ పనిచేస్తూ రన్‌వే దాకా పాక్కుంటూ పోయే నిమిషాలూ, దిగాక గేటు దొరికేదాకా ఆగే నిమిషాలూ అందులో ఉంటాయి. పరిశ్రమలో దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద పెట్టే దిమ్మలు తీసిన క్షణం నుంచి మళ్లీ పెట్టే దాకా అని దాని అసలు అర్థం. సంస్థలు ఇందులో కొంత వెసులుబాటు కలిపే రాస్తాయి. అందుకే కొన్నిసార్లు అరగంట ముందే దిగినట్టు కనిపిస్తుంది.

కానీ ఇంట్లోవాళ్లకు కావలసింది గడప నుంచి గడప దాకా లెక్క. అనంతపురంలో కారెక్కి దేవనహళ్లి చేరేసరికి మూడు గంటలు. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి నడుస్తాయి, చెక్-ఇన్‌కు మూడు మూడున్నర గంటలు ముందుండాలి. విమానాలు, మధ్య విరామం కలిపి 22 గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇమిగ్రేషన్, పెట్టెలు గంటన్నర. అక్కడి నుంచి ఫ్రీమాంటో శాన్‌హోసేనో దాదాపు గంట. కలిపితే 31 గంటలు. వీటిలో విమానం నిజంగా గాల్లో ఉన్నది పందొమ్మిదో ఇరవయ్యో. పెద్దవాళ్ల మందులు ఎన్ని పూటలకు చేతి సంచిలో పెట్టాలన్నది ఈ 31ని చూసి లెక్కించాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టర్‌ను ముందే అడిగి వేళలు రాయించుకోవాలి.

విమానంలో ఒంటికి ఏమవుతుందో కూడా గంటల లెక్కలో భాగమే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నట్టు ఉండదు. పాత తరం విమానాల్లో దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు, బోయింగ్ 787 లాంటి కొత్తవాటిలో 1,800 మీటర్లలో ఉన్నట్టు ఉంచుతారు. ఊటీ 2,240 మీటర్లు. అంటే ఊటీ ఎత్తులో, గాలిలో తేమ ఇరవై శాతం కూడా లేని గదిలో పదహారు గంటలు కూర్చోవడం. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నీళ్లు అడిగి తాగాలి, గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి. బాత్‌రూమ్‌కు లేవాల్సి వస్తుందని మొహమాటపడి నీళ్లు మానేసే పెద్దవాళ్లు మనలో ఎక్కువ. వాళ్లకు నడవ పక్క సీటు ముందుగా రిజర్వ్ చేస్తే ఆ బాధ సగం తీరుతుంది.

మాయమయ్యే రోజు

ఇంట్లోవాళ్లు చివరగా తికమకపడేది తేదీల దగ్గర. కాలిఫోర్నియా మన కన్నా పదమూడున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఆ నెలల్లో తేడా పన్నెండున్నరే. చలికాలంలో బెంగళూరులో శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు నేరుగా బయల్దేరి పదహారు గంటలు ఎగిరితే, అక్కడ దిగేసరికి శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. టికెట్ చూసిన అమ్మ "రెండున్నర గంటలేనా?" అని అడగడం సహజం.

వచ్చేటప్పుడు దీనికి తిరుగుడు. ఆ తొలి విమానం 2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి జనవరి 11 తెల్లవారుజామున మూడు దాటాక బెంగళూరులో దిగింది. మధ్యలో జనవరి 10 అనే రోజు గాల్లోనే మొదలై గాల్లోనే ముగిసింది. శనివారం ఒక్కపొద్దు ఉండే పెద్దవాళ్లు శుక్రవారం రాత్రి అక్కడ విమానం ఎక్కితే, ఎక్కే వేళకే మన ఊళ్లో శనివారం పది దాటి ఉంటుంది. ఒక్కపొద్దు ఎక్కడి శనివారానికని అడిగితే, ఏ ఊరి సూర్యోదయాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. తీసుకెళ్లడానికి కారు పంపేవాళ్లకు మాత్రం తేల్చుకునే వీలు లేదు, తేదీ సరిగ్గా రాసుకోవాల్సిందే. "శనివారం వస్తున్నాం" అని అటునుంచి చెప్పిన మాటను నమ్మి శనివారం రాత్రి దేవనహళ్లిలో కాచుకున్న డ్రైవర్లు ఉంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు విమానం నంబరు, దిగే తేదీ, భారత సమయం అని మూడూ రాస్తే గొడవ ఉండదు.

తెల్లవారుజామున మూడింటికి దిగితే ఇమిగ్రేషన్, పెట్టెలు ముగించుకుని బయటికొచ్చేసరికి నాలుగున్నర. ఆ వేళ హైవే ఖాళీగా ఉంటుంది. వెలుగొచ్చేసరికి కారు బాగేపల్లి టోల్‌గేట్ దాటి ఆంధ్రలోకి వస్తుంది. బయట కోళ్లు కూస్తుంటే, వెనక సీట్లో కూర్చున్న ఇద్దరి ఒంట్లో మాత్రం ఇంకా కాలిఫోర్నియా సాయంత్రం నాలుగున్నరే. నిద్ర రాదు. ఇంటికి చేరాక ఆ పగలంతా మంచం ఎక్కకుండా, ముంగిట్లో ఎండలో కాసేపు కూర్చోబెడితే రెండు మూడు రాత్రుల్లో నిద్ర మళ్లీ గాడిన పడుతుంది.